మా కాగితాల స్టూడియోకి సీజన్ అవార్డులు: హోస్టు సినిమాలూ పోటీలో ఉంటే ఓట్లు ఎవరు లెక్కపెట్టాలి?

బాల్కనీ_బెజవాడ

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగు, ఓపిక చేసుకుని చదవండి.

మాది విజయవాడ. 2020 లాక్‌డౌన్‌లో ఏం తోచక మా కాలేజీ బ్యాచ్ పదిహేడు మందిమి కలిసి వాట్సాప్‌లో ఒక సినిమా స్టూడియో పెట్టాం. పెట్టాం అంటే నిజం స్టూడియో కాదు, కెమెరా లేదు, డబ్బుల్లేవు, అంతా కాగితం మీదే. ఒక్కొక్కరు ఒక కథ రాస్తారు, సీన్లు డైలాగులతో సహా పాతిక ముప్పై పేజీలు, దానికో పోస్టర్ కూడా చేస్తారు. నటీనటులు కూడా మేం పుట్టించినవాళ్లే. మొదట్లో రెండు సినిమాలకి నిజం హీరోలను పెట్టి చూశాం, ఫ్యాన్స్ గొడవలతో గ్రూపు మూతపడే పరిస్థితి వచ్చింది, అప్పట్నుంచి బొమ్మలు గీసుకున్న హీరోలే. శుక్రవారం సాయంత్రం ఆరింటికి గ్రూపులో రిలీజు. ముగ్గురు రివ్యూలు రాస్తారు, వాళ్లిచ్చిన రేటింగుని బట్టి మావాడొకడు ఎక్సెల్ షీటులో కలెక్షన్లు వేస్తాడు, నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాల వారీగా షేరుతో సహా. ఒకసారి "కృష్ణాలో బయ్యర్ సగానికి సగం మునిగాడు" అని వేస్తే ఆ కథ రాసినోడు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. అంత సీరియస్‌గా ఆడతాం.

ఉగాదికి మొదలుపెట్టి దసరాకి ఆపుతాం, అది ఒక సీజన్. ఈసారి పన్నెండు సినిమాలొచ్చాయి, రాసినవాళ్లు తొమ్మిది మంది. దీపావళి తర్వాత వచ్చే ఆదివారం మొగల్రాజపురంలో మా అపార్ట్‌మెంట్ హాల్లో అవార్డుల ఫంక్షన్. ఇన్నాళ్లూ వీడియో కాల్లో కానిచ్చేవాళ్లం, ఈసారి పిల్లాపాపలతో నలభై మంది దాకా వస్తున్నారు.

అసలు సమస్య పోయిన సీజన్‌ది. హోస్టుని నేనే. అప్పుడూ మూడు సినిమాలు నేనే రాశాను, గూగుల్ ఫారంలో ఓట్లు తీసుకున్నదీ నేనే, లెక్కపెట్టిందీ నేనే. పద్నాలుగు షీల్డుల్లో ఐదు నా సినిమాలకి వచ్చాయి. ఒట్టేసి చెప్తున్నా, ఒక్క ఓటు కూడా అటూ ఇటూ చెయ్యలేదు. కానీ ఫలితం చెప్పీ చెప్పగానే ఒకడు "ఓహో" అని ఒక్క మాట పెట్టి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆ ఓహో ఇంకా నా చెవిలో ఉంది. ఫంక్షన్ అక్కడితో ఆగిపోయింది, చేయించిన షీల్డులు మా ఇంట్లో మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి.

ఇప్పుడు నా డౌట్లు. జ్యూరీ పెట్టాలా, ఓటింగే ఉంచాలా? పోయిన సీజన్ అవార్డులు కూడా ఇప్పుడే కలిపి ఇచ్చెయ్యొచ్చా? ఉత్తమ నటుడు అని ఇస్తాం కానీ నటించినవాడు లేడు కదా, స్టేజీ మీదకి ఎవర్ని పిలవాలి? ఇంకోటి, ఇది కాస్త ఇబ్బందైన విషయం. మావాడొకడిది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో వాళ్లిల్లు మునిగింది. వాడు ఈసారి దాని మీదే రాశాడు, మేడ మీద చిక్కుకున్న ఒక కుటుంబం కథ. బాగుంది. కానీ ముగ్గురు రివ్యూవర్లూ ఐదుకి ఐదు ఇచ్చేశారు, సెకండాఫ్ సాగిందని అందరికీ తెలుసు, ఎవడికీ నోరు రాలేదు. దీన్నెలా చూడాలి?

నేల_టిక్కెట్టు

రాసింది నువ్వు, లెక్కపెట్టింది నువ్వు, గెలిచింది నువ్వు. ఇంక ఓహో అనక ఏమంటారు బాసూ. నువ్వు నిజాయితీపరుడివే అయ్యుండొచ్చు, కానీ ఎదుటివాడికి దాన్ని చూసే దారి లేదు కదా. పేకాటలో ముక్కలు పంచినోడే మూడుసార్లు వరసగా షో కొడితే నువ్వైనా ఊరుకుంటావా?

రెండు సీజన్లవి కలపొద్దు. 2017 నవంబరులో 2014, 2015, 2016 మూడేళ్ల నంది అవార్డులు ఒకేసారి ప్రకటించినప్పుడు ఎంత రచ్చయిందో గుర్తులేదా, టీవీల్లో వారం పాటు అదే గోల. ఏ ఏడాది గొడవ ఆ ఏడాది పడితే కొంచెం కొంచెంగా అరుగుతుంది, మూడేళ్లవి మూటగట్టి ఇస్తే మనిషన్నవాడికి ఎక్కడో ఒకచోట కాలుతుంది. పాత షీల్డులు ఎవరివి వాళ్లింటికెళ్లి ఇచ్చేసి రా, ఫంక్షన్లో ఎత్తకు. ముందు ఆ ఓహో అన్నోడింటికే వెళ్లు. వాడికి షీల్డు రాలేదా? అయితే ఉత్త చేతులతోనే వెళ్లు.

లెక్కల_మాస్టారు

జ్యూరీ కంటే ఓటింగే మేలు, మీ పదిహేడు మందిలో జ్యూరీకి కూర్చోగలిగే తటస్థులు ఎక్కడ దొరుకుతారండి. అయితే గూగుల్ ఫారంలో ఒకరికి ఒక టిక్కు పద్ధతి మానెయ్యండి. పన్నెండు సినిమాలు ఉన్నప్పుడు నాలుగు ఓట్లు వచ్చినవాడు కూడా గెలిచేస్తాడు, మిగతా పదమూడు మందికి అది నచ్చకపోయినా సరే.

ఆస్కార్‌లో ఉత్తమ చిత్రానికి 2009 సినిమాలకి ఇచ్చిన అవార్డుల నుంచి వాడుతున్న పద్ధతి ఉంది. టిక్కు పెట్టరు, వరస రాస్తారు, ఒకటి రెండు మూడు అని. మీకు సరిపోయేలా లెక్క వేసి చూపిస్తాను. ఫైనల్‌కి నాలుగు సినిమాలు వచ్చాయనుకోండి. పదిహేడు ఓట్లలో మొదటి స్థానం కింద బ్యారేజీ సినిమాకి 6, మిర్చి యార్డు సినిమాకి 5, పుష్కరాల సినిమాకి 4, దెయ్యం సినిమాకి 2 పడ్డాయి (పేర్లు నేనే కల్పించాను, మీ కథలు నాకు తెలియవు). గెలవాలంటే సగం దాటాలి, అంటే 9. ఎవరికీ రాలేదు. అందరికన్నా తక్కువ వచ్చిన దెయ్యాన్ని తీసేసి, ఆ రెండు కాగితాల్లో రెండో స్థానంలో ఎవరున్నారో చూస్తాం. ఇద్దరూ మిర్చి యార్డు రాశారు, అది 7 అయింది. తర్వాత పుష్కరాలు పోతుంది. ఆ నాలుగు కాగితాల్లో మూడు మిర్చి యార్డుకి, ఒకటి బ్యారేజీకి. మిర్చి యార్డు 10, బ్యారేజీ 7. అయిపోయింది. మొదటి రౌండులో ముందున్నది ఓడిపోయింది చూశారా, ఎందుకంటే దాన్ని ఇష్టపడ్డవాళ్లు గట్టిగా ఇష్టపడ్డారు, మిగతావాళ్లు దాన్ని అడుగునే పెట్టారు. నలుగురికీ నచ్చేది గెలవాలంటే ఈ పద్ధతి.

ఒక్క జాగ్రత్త. సొంత సినిమా కాగితం మీద రాయకూడదు. రాయనిస్తే తొమ్మిది మంది రచయితలూ ఎవరిది వాళ్లు మొదట పెట్టుకుంటారు, తలా ఒక ఓటు పడి, ముందు ఎవర్ని తీసెయ్యాలో తేలక మొదటి రౌండులోనే బండి ఆగిపోతుంది. అలాగే ఫైనల్‌కి వచ్చే నాలుగైదింటిలో ఒక రచయితవి ఒకటికి మించి ఉండకూడదని రూలు పెట్టండి. మీ మూడు సినిమాల సమస్య సగం అక్కడే తీరిపోతుంది.

బాల్కనీ_బెజవాడ

మాస్టారూ, లెక్క ఇప్పుడు అర్థమైంది, థాంక్యూ. కానీ ఇక్కడ ఇంకో తలనొప్పి ఉంది. పన్నెండు సినిమాలు, అంటే దగ్గర దగ్గర మూడొందల యాభై పేజీలు. అన్నీ చదివినవాళ్లు నిజం చెప్పాలంటే ఐదారుగురు. మిగతావాళ్లు పోస్టర్ చూసి, పేరు చూసి, రాసినోడు తమ ఫ్రెండా కాదా చూసుకుని వేస్తారు. పేర్లు తీసేసి పంపుదామని ఒకడన్నాడు కానీ ఎవరి రాత ఏదో ఇట్టే తెలిసిపోతుంది, మావాడొకడు ప్రతి రెండో సీన్లో ఎవరికో ఒకరికి టీ తాగిస్తాడు, వాడికి పేరెందుకు.

లెక్కల_మాస్టారు

ఈ జబ్బు ఆస్కార్ వాళ్లకీ ఉంది లెండి. ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూస్తేనే ఫైనల్లో ఆ విభాగానికి ఓటు వెయ్యనిస్తామని 2025లో రూలు పెట్టారు. అంటే అన్నేళ్లూ చూడకుండా వేసినవాళ్లు ఉన్నారనేగా అర్థం.

మీరు పన్నెండూ చదవమంటే ఎవరూ చదవరు. ఫైనల్‌కి వచ్చిన నాలుగే చదవమనండి, నూటఇరవై పేజీలు, ఒక వారం. ఒక్కో కథకి ఒక చిన్న ప్రశ్న పెట్టండి, చదివినవాడికి మాత్రమే తెలిసేది. హీరో చెల్లెలు చివర్లో ఏ బస్సెక్కింది, అలాంటిది. నాలుగింటికీ సరిగ్గా చెప్పినవాళ్లకే ఓటు కాగితం. పదిహేడులో పదకొండు మందే తేలతారు, తేలనివ్వండి.

పరిషత్తు_పిచ్చి

గుంటూరు నుంచి. సినిమా అవార్డుల సంగతి నాకు పెద్దగా తెలియదు కానీ నాటక పరిషత్తులు, అంటే నాటకాల పోటీలు, చిన్నప్పట్నుంచి చూస్తున్నా. మా నాన్న ముందు వరసలో దుప్పటి పరిచి కూర్చోబెట్టేవారు. మీకు పక్కనే తెనాలి ఉంది, 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊరు. మొన్న 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు మా ఊళ్లో వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగితే వారం రోజులూ అక్కడే ఉన్నాను. మీరు ఆస్కార్ దాకా పోయారు కానీ మీకు కావాల్సింది పక్క ఊళ్లోనే ఉంది.

నేను చూసిన పరిషత్తుల్లో ముగ్గురు న్యాయనిర్ణేతలు ఉంటారు. మొదటి నాటిక దగ్గర్నుంచి ఆఖరి నాటిక దాకా కదలకుండా కూర్చోవాలి, రాత్రి ఒంటిగంట అయినా సరే. మార్కులు ఎవరివి వాళ్లు వేస్తారు. ఆఖరి రోజు ఆఖరి నాటిక తెర పడ్డాకే ఫలితాలు. అప్పటికి కొన్ని ట్రూపుల వాళ్లు సామాను వ్యాన్‌లో ఎక్కించేసుకుని, మేకప్ సగం తుడుచుకుని, వెనకాల నిలబడి వింటుంటారు. బహుమతి రానివాళ్లు న్యాయనిర్ణేత దగ్గరికొచ్చి మాకెక్కడ తగ్గిందండీ అని అడుగుతారు, ఆయన చెప్పాలి. నాకు ఆ భాగమే ఇష్టం. ఒకసారి ఒకాయన "మీ అమ్మ పాత్ర కన్నీళ్లు ముందే పెట్టేసింది బాబూ, మేం పెట్టుకోవడానికి చోటు మిగల్లేదు" అన్నారు, ఆ కుర్రాడు తల గోక్కుంటూ వెళ్లాడు, మరుసటి ఏడాది అదే నాటిక మార్చుకుని వచ్చాడు.

మీ బుడమేరు కథ సంగతి కూడా అదే అనుకుంటాను. రివ్యూవర్లు ఐదుకి ఐదు ఇచ్చి వాడికి మేలు చెయ్యలేదు, వాడి కథని చదవడం మానేశారు, వాడి కష్టానికి మార్కులేశారు. నీళ్లలో మూడు రోజులు ఉన్నవాడికి సెకండాఫ్ సాగిందన్న మాట పెద్ద దెబ్బేం కాదు. మీరు చెప్పకపోతేనే వాడికి అనుమానం వస్తుంది, నిజంగా బాగుందా, జాలిపడి ఇచ్చారా అని. ఫంక్షన్‌కి ముందే ఎవరో ఒకరు వాడితో కూర్చుని సెకండాఫ్ గురించి మాట్లాడండి. ఆ తర్వాత ఓటింగులో గెలిస్తే గెలుస్తుంది, అప్పుడు అది వాడిది.

ఉత్తమ నటుడి విషయం. పైన ఎవరూ దీని జోలికి రాలేదు, నాకు మాత్రం ఇదే అసలు ప్రశ్న అనిపిస్తోంది. నటించినవాడు లేకుండా నటనకి బహుమతి ఏంటండి? ఉత్తమ పాత్ర అని మార్చి రాసినవాడికే ఇచ్చెయ్యొచ్చు, అది తేలిక. నాకైతే ఇంకోటి తోస్తోంది. నామినేషన్‌కి వచ్చిన నాలుగు పాత్రల్లోంచి ఒక్కొక్క సీను, రెండు నిమిషాలకు మించకుండా, స్టేజీ మీద చదివించండి. రాసినవాడు చదవకూడదు, వేరేవాళ్లు చదవాలి. పిల్లలు, ఆడవాళ్లు, ఎవరైనా. నలభై మంది వస్తున్నారన్నారు, వాళ్లలో సగం మంది ఆ కథలు ఒక్క ముక్క చదివుండరు, షీల్డులు ఇచ్చిపుచ్చుకోవడం చూస్తూ ఎంతసేపు కూర్చుంటారు? ఒక సీను వింటే కదా వాళ్లకీ తెలిసేది మీరు ఐదారేళ్లుగా ఫోన్లు పట్టుకుని ఏం చేస్తున్నారో. అక్కడే హాల్లో చేతులెత్తించి ఆ ఒక్క అవార్డు తేల్చేసి, చదివినవాళ్లకీ రాసినవాళ్లకీ చెరొకటి ఇవ్వండి.

నేల_టిక్కెట్టు

పరిషత్తు గారూ, చేతులెత్తడం అంటే ఎవరి పిల్లలు చదివితే వాళ్లకే ఎత్తుతారండి. మిగతాది బాగుంది.

పరిషత్తు_పిచ్చి

ఎత్తనివ్వండి, ఆ ఒక్కటీ ఎవరూ ఓహో అనరు.

గాంధీనగర్_పాతకాపు

షీల్డుల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా నాన్నగారు బెజవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేశారు. మీ తరానికి తెలియకపోవచ్చు, అప్పట్లో ఈ జిల్లాల్లో ఏ సినిమా ఆడాలన్నా ప్రింటు గాంధీనగర్ నుంచి కదలాల్సిందే. 1921లోనే మారుతీ టాకీస్ చూసిన ఊరు ఇది. రిప్రజెంటేటివ్ పని ఏంటంటే డబ్బాలతో పాటు వెళ్లి, హాలు దగ్గర కూర్చుని, టిక్కెట్ల లెక్క చూసి, ఆ రోజు కలెక్షను డీసీఆర్‌లో, అంటే రోజువారీ కలెక్షన్ల రిపోర్టులో, రాసుకుని రావడం. మీ ఎక్సెల్ షీటు కుర్రాడు చేసే పని, కాకపోతే నిజం డబ్బుతో, బస్సుల్లో తిరుగుతూ.

శతదినోత్సవాల్లో షీల్డులు పంచేవాళ్లు. హీరో దగ్గర్నుంచి హాలు మేనేజర్ దాకా అందరికీ. మా నాన్నగారికి ఉద్యోగం మొత్తంలో ఒకే ఒక్కటి వచ్చింది. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాక చూస్తే పేరులో ఒక అక్షరం తప్పు పడింది. వెనక్కి ఇవ్వలేక, వాళ్లని అడగలేక, అలాగే షోకేసులో పెట్టుకున్నారు, ఎవరైనా ఇంటికొస్తే ఆ అక్షరం కనపడకుండా ముందు ఒక పూలగుత్తి. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఆ గుత్తి ఇప్పటికీ అక్కడే ఉంది, మేమూ తియ్యలేదు.

కాబట్టి బాబూ, ఓట్లు ఎలా లెక్కపెడతారో నాకు తెలియదు కానీ, పేర్లు చెక్కించే ముందు ప్రతి ఒక్కరికీ వాళ్ల పేరు వాట్సాప్‌లో పెట్టి, సరిగ్గా ఉందా అని అడిగి, సరే అన్నాకే షాపుకి పంపించు. అందరికీ ముందే అడగాలి, గెలిచినవాళ్లకే అడిగితే గుట్టు బయటపడిపోతుంది. ఇంకా మంచిది, ఫంక్షన్లో ఖాళీ షీల్డు చేతికిచ్చి, పేరు పలక మర్నాడు అతికించడం.

కవర్ల సంగతి కూడా చూసుకో. 2017 ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం చెప్పడానికి వచ్చినవాళ్ల చేతికి ఉత్తమ నటి కవరు ఇచ్చారు, వేరే సినిమా పేరు చదివేశారు, ఆ టీం వాళ్లు స్టేజీ ఎక్కి మాట్లాడుతుండగా కాదని చెప్పాల్సొచ్చింది. కారణం ఏంటంటే ప్రతి అవార్డుకీ రెండు కవర్లు, స్టేజీకి ఇటొకటి అటొకటి. అటు తెరిచింది ఇటు పక్కన పడెయ్యాలి, పడెయ్యలేదు. మీకు నలభై మందికి రెండు సెట్లు ఎందుకు, ఒకటే సెట్టు, మీద పెద్ద అక్షరాలతో ఏ అవార్డో మార్కరుతో రాసి, వరసలో పెట్టి, ఒక మనిషి చేతిలో ఉంచు. ఆ మనిషి నువ్వు కాకూడదు.

నేల_టిక్కెట్టు

ఆ పూలగుత్తి మాట చదివాక కాసేపు ఏం రాయబుద్ధి కాలేదు సార్.

అన్నట్టు ఒక చిన్న ఐడియా. నందుల్లో మొదటి ఉత్తమ చిత్రానికి బంగారు నంది, రెండోదానికి వెండి, మూడోదానికి కంచు ఉండేవి కదా. మీరూ ఉత్తమ చిత్రానికి మూడు ఇచ్చెయ్యండి. మాస్టారి లెక్కలో ఆఖరున మిగిలిన రెండూ, వాటికి ముందు పోయినదీ, మూడూ ఎలాగూ తేలతాయి. ఇంకోటి, నందుల్లో ఉత్తమ సినీ విమర్శకుడికి కూడా ఇచ్చేవాళ్లు. ఆ రివ్యూలు రాసే ముగ్గురికి ఎవరైనా ఏమైనా ఇచ్చారా ఇన్నాళ్లలో? ఇచ్చుండరు. ఐదుకి ఐదు వెయ్యకపోతే ఇస్తామని చెప్పు.

బాల్కనీ_బెజవాడ

అందరికీ చాలా థాంక్స్. పాతకాపు గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. పోయిన సీజన్ అట్టపెట్టె తెరిచి చూస్తే రెండు షీల్డుల మీద పేర్లు తప్పే. నేనే టైపు చేసి షాపుకి పంపాను.

ఇప్పటికి అనుకున్నది ఇది. నేను ఉత్తమ చిత్రం పోటీలోంచి తప్పుకుంటున్నా, ఈ సీజన్ వరకు. మిగతా విభాగాల్లో ఒక రచయితకి ఒకటే. వరస రాసే ఓటింగు, చదివినవాళ్లకే కాగితం. సీన్లు చదివించడం ఖాయం, మా రెండో అమ్మాయి అప్పుడే ఒక విలన్ పాత్ర పట్టేసింది. నిన్న సాయంత్రం సింగ్‌నగర్ వెళ్లి వాడితో కూర్చున్నా. సెకండాఫ్ మాట ఎత్తేలోపే వాడే అన్నాడు, "ఆ హెలికాప్టర్ సీను తర్వాత ఏం రాయాలో తోచలేదురా, పేజీలు నింపాను" అని. రివ్యూలు చూసి మీరెవ్వరూ చదవలేదనుకున్నాడట.

ఓహో అన్నవాడు తలుపు తీశాడు, కాఫీ ఇచ్చాడు, వస్తానని మాత్రం అనలేదు.

ఓట్ల లెక్కకి మా పిన్నిని అడిగాను. బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరైంది, లెక్కలో పైసా తేడా రానివ్వదు, మా గ్రూపులో ఎవరూ ఆవిడకి తెలియదు. ఒప్పుకుంది కానీ, "దేనికి వేస్తున్నారో తెలియకుండా ఓట్లు లెక్కపెట్టనురా, ముందు ఆ కథలు ఇటు పంపించు" అంది. పన్నెండూ ప్రింటు తీయించి ఇచ్చా. నాలుగు అయ్యాయి. నా రెండో సినిమా ఇంటర్వెల్ దగ్గర ఆపేసి పక్కన పెట్టింది, ఎందుకని అడిగితే నవ్వుతోంది, చెప్పట్లేదు.

నేల_టిక్కెట్టు

పిన్నిగారు ఏం చెప్పారో ఇక్కడ పెట్టకుండా తప్పించుకోకు బాసూ.